పద్మాక్షి గుట్ట రాయి మీద ఎవరి పేరుంది?

ఫణిగిరి మీద రాసిన భాగం చదివి ముగ్గురు నలుగురు తమ్ముళ్లు ఒకటే మాట అడిగారు. "అన్నా, బౌద్ధం సంగతి సరే. జైనుల సంగతేంది? హనుమకొండ పద్మాక్షి గుట్ట జైనులది. దాన్ని గుడి చేసుకున్నారు. అంటే అది కూడా మనదే కదా?"

మొదటి రెండు ముక్కలకు రాతి మీద సాక్ష్యం ఉంది. మూడో ముక్క, ఆ "మనదే కదా" అన్నది, అంత తేలికగా ఒప్పుకునేది కాదు. అందుకే ఈ భాగమంతా ఆ ఒక్క గుట్ట ముచ్చటే.

హుజూర్‌నగర్ నుంచి పోయేవాళ్లు సూర్యాపేట, తొర్రూరు మీదుగా పోతారు. హనుమకొండలో వేయిస్తంభాల గుడి చూసి, ఫొటో దిగి, భద్రకాళి దగ్గరికి పోయి తిరిగొస్తారు. మధ్యలో ఉన్న ఈ గుట్ట ఎక్కేది తక్కువ మంది. ఊరి నడుమనే ఉంటుంది. కింద గుండం, పైకి మెట్లు, పైన పెద్ద బండను ఆనుకుని గుడి. గుడి ముందు నల్లరాతి స్తంభం ఒకటుంది. నాలుగు పక్కలా అక్షరాలు, పైన కూర్చున్న జినుల బొమ్మలు. లోపల పార్శ్వనాథుడు, ఆయనకు అటూ ఇటూ ధరణేంద్రుడు, పద్మావతి. గోడల మీద ఇంకా తీర్థంకరుల బొమ్మలు. మన జనం మాత్రం మొక్కేది ఒక్కరికే. అమ్మకు. పద్మాక్షమ్మకు.

పార్శ్వనాథుడు జైనుల 24 మంది తీర్థంకరుల్లో 23వ వాడు. తల మీద పాము పడగ ఉంటే ఆయనేనని గుర్తు పట్టొచ్చు. ధరణేంద్రుడు నాగరాజు. పద్మావతి ఆయన జంట, యక్షిణి. పోయిన భాగంలో ఫణిగిరి అంటే పాము పడగ గుట్ట అని రాశాను, గుర్తుండే ఉంటుంది. అక్కడ బౌద్ధం, ఇక్కడ జైనం, రెండు చోట్లా పామే. ఈ నేలలో నాగును మొక్కని మతం నిలబడలేదేమో అనిపిస్తుంది.

జినుడిని వదిలి జనం అమ్మను ఎందుకు పట్టుకున్నారు? దీనికి కుట్ర సిద్ధాంతాలు అక్కర్లేదు. జైన సిద్ధాంతం లోపలే జవాబుంది. తీర్థంకరుడు విముక్తుడు. కోరికలు జయించినవాడు. ఆయనకు నువ్వు పూలు పెట్టినా వినడు, తిట్టినా వినడు. పిల్లలు పుట్టాలని, జ్వరం తగ్గాలని, వాన పడాలని ఆయన్ని అడగడానికి వీల్లేదు. అడగాలంటే పక్కనున్న యక్షిణిని అడగాలి. ఆమె వింటుంది, ఇస్తుంది. బసది కట్టించిన వాళ్లు మోక్షం కోసం కట్టించారు గానీ, గుట్ట ఎక్కిన ఆడవాళ్లకు కావలసింది బిడ్డ బతకడం. కాబట్టి బసది పోయింది, జైన సన్యాసులు పోయారు, ఆమె మిగిలింది. పద్మావతి పద్మాక్షి అయింది. కరీంనగర్ దగ్గర కురిక్యాలలోనూ ఇదే కథ. బండ మీద చెక్కిన జైన యక్షిణి చక్రేశ్వరి. ఆ గుట్ట పేరు జనం నోట బొమ్మలమ్మ గుట్ట.

కాబట్టి "జైన దేవతను హిందువులు ఎత్తుకుపోయారు" అనే వాక్యం సగమే నిజం. ఎత్తుకుపోయిన వాళ్లూ ఉన్నారు, వాళ్ల గురించి కింద రాస్తాను. కానీ మతాలు మారుతున్నప్పుడు అమ్మను అక్కడే కూర్చోబెట్టి దీపం ఆరకుండా చూసింది పేరు లేని ఆడవాళ్లు. వాళ్లు తమను హిందువులమనో జైనులమనో చెప్పుకుని ఉండరు.

ఇక ఆ స్తంభం సంగతి. దాని మీదున్న శాసనం ఎపిగ్రాఫియా ఇండికా తొమ్మిదో సంపుటంలో అచ్చయింది. భాష కన్నడం. ఓరుగల్లు గడ్డ మీద కన్నడమేంది అని ఆశ్చర్యపోవద్దు. అప్పటికి కాకతీయులు స్వతంత్రులు కారు, కల్యాణి చాళుక్యుల కింద సామంతులు. తేదీ కూడా వాళ్ల లెక్కలోనే వేశారు. చాళుక్య విక్రమ సంవత్సరం 42, అంటే 1117. రాజు రెండో ప్రోలరాజు. ఆయన మంత్రి బేతన పెర్గడ. బేతన తండ్రి వైజ దండాధినాథుడు, ఆయనా మంత్రే. తల్లి యాకమబ్బె. భార్య మైలమ. ఈ మైలమే గుట్ట మీద కడలాలయ బసది కట్టించింది. దాని ఖర్చుల కోసం భర్త తవ్వించిన చెరువు కింద భూమి రాసిచ్చింది.

ఒక ఆడమనిషి పేరు తొమ్మిది వందల ఏళ్లు రాతి మీద నిలిచింది. అందుకు సంతోషమే. రెండో దాత ఉగ్రవాడి మేళరసుడు, మహామండలేశ్వరుడు. ఓరుగల్లులోని కూచికెరె చెరువు కింద భూమి ఇచ్చాడు. ఇచ్చిన భూమి కంటే ఈయన వంశ ప్రతాపం ఎక్కువ. తన మూలపురుషుడు మాధవవర్మకు 8 వేల ఏనుగులు, 10 కోట్ల గుర్రాలు ఉండేవని రాయించుకున్నాడు. పది కోట్ల గుర్రాలకు గడ్డి ఎవరు కోశారో మాత్రం రాయించలేదు.

నవ్వులాటకు అన్నా, నా ప్రశ్న అదే. ఆ మాగాణి ఎవరు దున్నారు? చెరువు కట్ట ఎవరు మోశారు? తూము ఎవరు తీశారు? శాసనంలో రాజుంది, మంత్రుంది, మంత్రి తల్లిదండ్రులున్నారు, భార్యుంది, చెరువుంది, భూమి కొలతుంది. మనిషి లేడు. మత్తరు లెక్కన నేలను కొలిచారు గానీ ఆ నేల మీద వంగిన నడుము కొలతకు రాలేదు.

మన వైపు ఊళ్లల్లో తూము తీసి పొలాలకు నీళ్లు పంచే నీరటి పని చాలా చోట్ల మాల, మాదిగ ఇళ్లదే. ఎండాకాలం కట్ట గండి పడకుండా కాపలా, వానాకాలం అర్ధరాత్రి తూము కాడికి పరుగు. ఆయకట్టులో ఆయనకు చారెడు నేల ఉండేది కాదు. కల్లం కాడ ఇన్ని గింజలు పోస్తే తెచ్చుకునేవాడు. మా తాత చేసింది ఇంకో పని. బావుల మీద మోటలు కొట్టే కాలంలో ఊరందరికీ తోలు బొక్కెనలు, తొండాలు, వార్లు ఆయన కుట్టి ఇచ్చేవాడు. ఎద్దు చచ్చిపోతే తోలు ఒలిచి, లందలో నానబెట్టి, తంగేడు చెక్కతో ఊనబెట్టి, నెలల తరబడి ఆ వాసనలో బతికి బొక్కెన తయారు చేస్తే, ఆ బొక్కెన నీళ్లతో పండిన వడ్లు ఊరి గుడికి నైవేద్యం అయ్యేవి. బొక్కెన కుట్టిన మనిషి గుడి మెట్టు ఎక్కకూడదు.

ఇది గుడి సంగతి. బసది అయితే వేరుగా ఉండేదా? ఇక్కడే మన తమ్ముళ్లతో నాకు పేచీ.

జైనులు వేదాన్ని కాదన్నారు. యజ్ఞంలో పశువును చంపడాన్ని కాదన్నారు. పుట్టుకతో బ్రాహ్మణుడు గొప్పవాడనే వాదాన్ని వాళ్ల గ్రంథాలు ఎగతాళి చేశాయి. ఇవన్నీ నిజమే, వీటికి నేను దండం పెడతాను. జనం భాషలో రాయడం కూడా వాళ్ల గొప్పే. నన్నయ కంటే వందేళ్ల ముందే బొమ్మలగుట్ట బండ మీద జినవల్లభుడు తెలుగు కంద పద్యాలు చెక్కించాడు. తెలుగుకు ప్రాచీన హోదా కావాలని కొట్లాడినప్పుడు పండితులంతా చూపించిన సాక్ష్యాల్లో అదొకటి. మూడు భాషల శాసనం అది, సంస్కృతం, కన్నడం, తెలుగు. ఈ జినవల్లభుడు కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు. పంపడు 941లో విక్రమార్జున విజయం రాశాడు.

అయితే ఆ శాసనంలోనే ఇంకో ముక్కుంది. జైనులైన ఈ అన్నదమ్ముల పూర్వీకులు వంగిపర్రు బ్రాహ్మణులు, శ్రీవత్స గోత్రం. మతం మారింది, యజ్ఞం వదిలేశారు. గోత్రం మాత్రం బండ మీదకు ఎక్కించారు. మతం మారినా కులం వెంట రావడం మనకు కొత్త కాదు. చర్చిలో రెడ్డి క్రైస్తవుల వరస, మాదిగ క్రైస్తవుల వరస వేరువేరుగా చూసిన వాళ్లం. పదో శతాబ్దంలోనూ అదే సంగతి అని తెలిస్తే బాధేస్తుంది గానీ ఆశ్చర్యం వేయదు.

మరి తోలు? జైన గృహస్థుడు చేయకూడని వృత్తులు పదిహేను అని ఒక జాబితా ఉంది. మైలమ బసది కట్టించిన ఆ శతాబ్దంలోనే గుజరాత్‌లో హేమచంద్రుడు యోగశాస్త్రంలో వాటిని వివరించాడు. నేల తవ్వడం, దున్నడం అందులో ఉన్నాయి. అడవి కొట్టడం ఉంది. దంతాలు, ఎముకలు, తోళ్ల వ్యాపారం ఉంది. కారణం అహింస. నేలలో పురుగు చస్తుంది, తోలు వెనకాల చావుంది. సిద్ధాంతంగా వింటే ఎంత సున్నితమైన మాట! కానీ నాగలి పట్టే వాళ్లు, తోలు ఊనే వాళ్లు ఆ సున్నితత్వానికి అవతలి గట్టున పడ్డారు. బసదికి వచ్చే వడ్లు మాత్రం దున్నిన పొలం నుంచే రావాలి. కర్ణాటకలో, తమిళనాడులో ఈనాటికీ వ్యవసాయం చేసుకునే జైనులున్నారు, కాబట్టి జాబితాను అందరూ అక్షరాలా పాటించారని నేననను. కానీ పాపం చేసేవాడు వేరు, ఆ పాపం మీద పండిన అన్నంతో ధర్మం చేసేవాడు వేరు అనే పంపకం మనువు ఒక్కడిదే కాదు.

అంబేడ్కర్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో ఈ విషయాన్ని తేల్చి చెప్పాడు. బ్రాహ్మణ మతంలో చంపే కోరిక ఉంది, జైనంలో ఎన్నటికీ చంపకూడదనే పట్టుదల ఉంది, బుద్ధుడిది మధ్య దారి అంటాడు. అహింసను నియమంగా కాక సూత్రంగా బుద్ధుడు చెప్పాడని ఆయన వివరణ. చచ్చిన పశువు మాంసం తిని బతకాల్సి వచ్చిన వాళ్ల బిడ్డకు ఆ తేడా ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా? 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయన పట్టుకున్న దారి వెనుక ఇలాంటి లెక్కలు చాలా ఉన్నాయి.

హైదరాబాద్ సంస్థానంలో దీనికి ఇంకో ముఖం కూడా ఉంది, దాచిపెట్టడం న్యాయం కాదు. మన భాగ్యరెడ్డి వర్మ, 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన మనిషి, జీవరక్షా జ్ఞాన ప్రచారక మండలితో కలిసి పని చేశాడు. వాడలు తిరిగి జంతుబలులు మానండి, తాగుడు మానండి, ఆడపిల్లలను దేవతలకు వదలకండి అని చెప్పాడు. బుద్ధ పౌర్ణమి జరిపించాడు. ఆయనకు అహింస పైనుంచి దిగిన ఆజ్ఞ కాదు, వాడలో మేక ఖర్చు, కల్లు ఖర్చు మిగిలి పిల్లాడు బడికి పోవాలనే ఆరాటం. ఒకే మాట ఎవరు, ఎక్కడ నిలబడి చెబుతున్నారన్నదాన్ని బట్టి దాని బరువు మారుతుంది.

ఇప్పుడు గుట్టను ఎత్తుకుపోయిన వాళ్ల దగ్గరికి వద్దాం. పద్మాక్షి మీద బసది లేచిన కాలంలోనే అదే హనుమకొండలో శైవం బలపడుతున్నది. ప్రోలరాజు తండ్రి రెండో బేతరాజు కాలాముఖ గురువు రామేశ్వర పండితుడికి భూదానం చేశాడు. అంటే ఒకే ఊళ్లో ఒక తరం తేడాతో శైవుడికీ భూమి దొరికింది, జైనుడికీ దొరికింది. 1163 నాటికి రుద్రదేవుడు వేయిస్తంభాల గుడి కట్టించాడు. అటు తర్వాత రాజుల చెయ్యి శివుడి వైపే వంగింది. భూమి ఎటు పోతే మతం అటు పోయింది. కాకతీయులు తమను నాలుగో కులం వాళ్లమని శాసనాల్లో చెప్పుకున్న మాట నిజం. శూద్ర రాజులు వచ్చినంత మాత్రాన మాల, మాదిగ వాడలకు చెరువు కింద మడి దొరికినట్టు ఏ రాతి మీదా నాకు కనబడలేదు.

గణపతిదేవుడి కాలానికి సంగతి ముదిరింది. తిక్కన సోమయాజి ఓరుగల్లుకు వచ్చి జైనులను వాదంలో ఓడించాడని, రాజు జైనుల మీద పడ్డాడని సోమదేవరాజీయం లాంటి తర్వాతి కాలం పుస్తకాలు కథ చెబుతాయి. కథను కథగానే తీసుకుందాం. కానీ జైనులను ఓడించడం, కొట్టడం గొప్పగా చెప్పుకునే సంగతి అయిందన్నది మాత్రం దాంతో తెలుస్తుంది. పద్మాక్షి గుట్టను కూడా తిరగరాశారు. సిద్ధేశ్వర చరిత్రలో మాధవవర్మకు ఖడ్గం, డాలు ఇచ్చి రాజ్యం అనుగ్రహించేది పద్మాక్షి దేవే. జినుడి పక్కన నిలబడ్డ యక్షిణి రాజులకు కత్తులిచ్చే దేవత అయిపోయింది. అహింస గుట్ట మీద నుంచే కత్తి పుట్టించారు. ఇంతకంటే పూర్తిగా ఎత్తుకుపోవడం ఏముంటుంది?

కానీ ఇక్కడ ఒక ముడి ఉంది. మన వాళ్లు దీన్ని చూడకుండా దాటేస్తారు. జైనుల మీద అందరికంటే ఎక్కువ కోపం పాలకుర్తి సోమన రాసిన బసవపురాణంలో ఉంది. అందులో ఏకాంత రామయ్య కథ చదవండి. తల నరుక్కుని, మళ్లీ అతికించుకుని, జినుడి విగ్రహాన్ని పగలగొట్టిన భక్తుడు. కన్నడ దేశంలో అబ్బలూరులో ఆ కథకు శాసనం కూడా ఉంది. అదే బసవపురాణంలో మాదార చెన్నయ్య కథుంది. మన మాదిగ చెన్నయ్య. ఆయన పోసిన అంబలిని శివుడు ఇష్టంగా తాగాడని సోమన మురిసిపోయి రాశాడు. మాదిగ ఇంటి అంబలిని దేవుడి నోటికి అందించిన పుస్తకమూ, జినుడి తల పగిలితే చప్పట్లు కొట్టిన పుస్తకమూ ఒకటే. ఇప్పుడు చెప్పండి తమ్ముళ్లూ, మీరు ఎటు నిలబడతారు? జైనులు మన వాళ్లంటే చెన్నయ్యను వదులుకోవాలి. వీరశైవం మనదంటే పగిలిన బొమ్మలకు జవాబు చెప్పాలి.

నేను ఏ పక్కా నిలబడను. ఆ కొట్లాట జరిగింది బసది భూములు ఎవరి కింద ఉండాలి, రాజు పక్కన ఎవరు కూర్చోవాలి అనే దాని మీద. మన వాళ్లు అప్పుడు కింద చెరువు కాడ ఉన్నారు. రుద్రమదేవి కాలపు మల్కాపురం శాసనం, 1261 నాటిది, అందులో ఒక సత్రం గురించి ఉంది. బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా వచ్చిన వాళ్లందరికీ అన్నం పెట్టాలని. శాసనాల్లో మనం కనబడేది ఇట్లా, వరుసలో చివరి మాటగా, అన్నం కోసం చెయ్యి చాపిన చోట. ఆ అన్నం పండించిన చోట కనబడం.

గుట్ట ఎవరిదనే కొట్లాట ఇక్కడ చల్లారింది గానీ దేశంలో ఇంకా మండుతూనే ఉంది. గుజరాత్‌లో గిర్నార్ కొండ మీద ఒకే శిఖరాన్ని జైనులు నేమినాథుడిదంటారు, హిందువులు దత్తాత్రేయుడిదంటారు. కోర్టు దాకా పోయారు. జార్ఖండ్‌లో పారస్‌నాథ్ కొండ ఇంకా పెద్ద పాఠం. 24 మంది తీర్థంకరుల్లో 20 మంది అక్కడే మోక్షం పొందారని జైనుల నమ్మకం. అక్కడ పర్యాటకం వద్దని 2022 డిసెంబర్‌లో దేశమంతా జైనులు రోడ్ల మీదకొచ్చారు. 2023 జనవరి 5న కేంద్రం పర్యాటక పనులు ఆపమంది, కొండ మీద మాంసం, మద్యం నిషేధం గట్టిగా అమలు చేయమంది. అప్పుడు సంతాల్ ఆదివాసులు లేచారు. అది మా మరాంగ్ బురు, మా పెద్ద కొండ దేవుడు, మమ్మల్ని అడగకుండా మా కొండ మీద మీ నియమాలేంది అన్నారు. టీవీల్లో జైనుల దీక్షలు వారాల తరబడి చూపించారు, సంతాల్‌ల మాటకు వచ్చేసరికి రెండు నిమిషాలు. రెండు పెద్ద పేర్లు కొట్లాడుకుంటుంటే మూడో మనిషి కనబడడు. పద్మాక్షి గుట్ట కింద కూడా మూడో మనిషి ఉన్నాడు. మనం వెతకాల్సింది ఆయన్ని.

జాన్‌పహాడ్ మనకు దగ్గరే, పాలకీడు మండలం. పేరులోనే పహాడ్ ఉంది. జనవరిలో ఉర్సుకు పోయినోళ్లకు తెలుసు, సైదులు దగ్గర కందూరు చేసేవాళ్లలో ముస్లింల కంటే మనోళ్లే ఎక్కువ కనబడతారు. మన తాలూకాలో ప్రతి వాడలో ఒక సైదులు, ఒక సైదమ్మ ఉంటారు. వాళ్లలో ఒక్కరిని కూడా ఇది ఏ మతం పేరని ఇంటోళ్లు అడిగి పెట్టలేదు. మొక్కు తీరింది, పేరు పెట్టారు. దర్గాలో మేకను కోసుకున్న మనిషే పద్మాక్షమ్మకు కొబ్బరికాయ కొడతాడు. ఆయన మతమేదో రాసుకోవడానికి జనాభా లెక్కల కాగితంలో గడి లేదు.

మనోళ్లు పద్మాక్షి గుట్టకు వచ్చేది బతుకమ్మతో. సద్దుల బతుకమ్మ రోజు ఆ గుండం చుట్టూ ఇసుకేస్తే రాలనంత ఆడవాళ్లు. గునుగు, తంగేడు, బంతి. తంగేడు చెక్క తోలు ఊనడానికి, తంగేడు పువ్వు బతుకమ్మకు. ఒకే చెట్టు. బతుకమ్మ మా ఊళ్లో ఎట్లా ఆడేవాళ్లో మా అమ్మ చెప్పేది. ఊరి ఆడవాళ్లు చెరువు కట్ట మీద ఆడేవాళ్లు. వాడ ఆడవాళ్లు వాడలోనే వేరే ఆడుకుని, వాళ్లు నిమజ్జనం చేసి పోయాక, కట్టకు ఇటు చివర దించేవాళ్లు. నీళ్లు ఒకటే, రేవులు రెండు. దేవుడు లేని పండుగ, పూజారి అక్కర్లేని పండుగ, ఉత్త పూల పండుగ అని మనం మురిసిపోయే బతుకమ్మలోనే ఇది జరిగింది. కొన్ని ఊళ్లలో ఇంకా జరుగుతూనే ఉంది.

పట్నం గుండం దగ్గర రేవులు లేవు. అంత జనంలో ఎవరి బతుకమ్మ ఎవరిదో తెలియదు. మైలమ మడి రాసిచ్చిందీ, మేళరసుడు గుర్రాల లెక్క చెప్పిందీ వాళ్లకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. ఆ శాసనాన్ని కన్నడం వచ్చిన పండితులు చదివారు, ఇంగ్లీషులో అచ్చేశారు, తెలుగులో చరిత్రకారులు రాశారు. వాడ పిల్లల దాకా రాలేదు. నేను ఇంత పొడుగు రాయడానికి కారణం అదే. గుట్ట మనదని ఇంకో జెండా పాతడానికి కాదు, రాతి మీద ఏముందో, ఏం లేదో మన పిల్లలకు మనమే చెప్పుకోవడానికి. దానం చేసిన భూమిని కాజేసినవాడు నరకంలో పురుగై పుడతాడని పాత దాన శాసనాల చివర శాపాలు ఉండేవి. 2014లో దళితులకు మూడెకరాలు అన్నప్పుడు అట్లాంటి శాపం ఒకటి చివర రాయించుకోవాల్సింది.

మా అక్క కూతురు హనుమకొండలో హాస్టల్‌లో ఉండి చదువుకుంటుంది. ఈ భాగం రాస్తున్నానని చెబితే సద్దుల నాడు గుట్ట ఎక్కి చూసొచ్చి ఫోన్ చేసింది.

"మామా, స్తంభం చూసిన. అక్షరాలు ఒక్కటి అర్థం కాలే. ఆ మైలమ పేరు ఎక్కడుందో దొరకలే."

"కన్నడం కదమ్మా. పాత లిపి. దొరకదు."

"అది కాదు మామా. మంత్రి పెండ్లామంటివి. మైలమ్మ అంటే మన వాడల పేరు లెక్కనే ఉందేంది? మనింటెనక ముసల్ది మైలమ్మ కాదా?"

అవును. మా ఇంటి వెనక మైలమ్మ నాట్లేసి నాట్లేసి నడుము వంగిపోయిన మనిషి. చెరువు కింద ఆమె నాటు వేయని మడి లేదు. ఆమె పేరు మీద ఒక్క గుంట లేదు.

వచ్చే భాగం బొమ్మలగుట్ట మీద, గ్రానైట్ క్వారీలు దాన్ని మింగబోయిన కథ.

జై భీమ్.